ముగ్గురికి సరిపోయే ఫిల్టరు

మా అత్తమ్మ ఇక లేదన్న కబురు, మహారాష్ట్రలో మేముండే చామోర్షికి ఫోనులో వచ్చింది. మా ఇంట్లో ఫోను లేదు. తపాలా ఆఫీసు జవాను వానలో సైకిలు మీద వచ్చి, గేటు దగ్గరే నిలబడి, గురూజీ ఉన్నారా అని మరాఠీలో అడిగాడు. మా ఆయన బడికి వెళ్లాడని చెప్పాను. అతను వెంటనే వెళ్లిపోలేదు. చెప్పాలా వద్దా అన్నట్టు సైకిలు హ్యాండిలును అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. చివరికి, సిరొంచ నుంచి ఫోను వచ్చిందనీ, మా సాసూబాయి పొద్దున పోయారనీ చెప్పి తల దించుకున్నాడు. మరాఠీలో అత్తగారిని అలాగే అంటారు. పరాయి మాటలో విన్నందుకేమో, కాసేపటి దాకా అది మా అత్తమ్మ గురించి చెప్పిన మాటేనని నా మనసుకు ఎక్కలేదు.

మా ఆయన బడి నుంచి వచ్చేలోపు నేను ఏం చేశానో చెబితే మీరు నవ్వుతారు. మడతపెట్టిన బట్టలను విప్పి మళ్లీ మడతపెట్టాను. నీళ్లు నిండుగా ఉన్న బిందెను ఒంపేసి మళ్లీ నింపాను. తాళం వేసి, ఏదో మరిచానని తీసి, ఏం మరిచానో గుర్తురాక మళ్లీ వేశాను. ఏ పనీ చేయకుండా ఒక్కచోట కూర్చుంటే ఆ మాట నిజమైపోతుందని భయం.

మధ్యాహ్నం బస్సు ఎక్కాం. అహేరి చేరేసరికి ముందున్న వాగులు నిండుగా పారుతున్నాయని బస్సును ఆపేశారు. ప్రయాణికులు బస్టాండులో మూటల మీద తలలు ఆనించుకున్నారు. మా ఆయన మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూనే ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని, మధ్యమధ్య ఆగి రోడ్డు వైపు తొంగి చూసి, మళ్లీ నడక. నేను అతన్ని చూడలేక తల తిప్పుకున్నాను. ఆ నడక అతనిది కాదు, వాళ్ల అమ్మది.

మా అత్తమ్మ కూర్చోగా చూసినవాళ్లు సిరొంచలో తక్కువ. సన్నటి మనిషి, పొడుగు. చీర కుచ్చెళ్లు పైకి దోపి ఎప్పుడూ ఎక్కడికో బయలుదేరినట్టే ఉండేది. అన్నం నిలబడి తినేది. మాట్లాడుతుంటే చేతులు చింతపండు గింజలు తీస్తూ ఉండేవి. బస్సెక్కితే సీటు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడేది. మామయ్య పోయాక నది ఒడ్డున ఉన్న వరిపొలం ఆమే చూసుకునేది. పొద్దున పొలానికి, అక్కడి నుంచి బజారుకు, బజారు నుంచి ఎవరింట్లో ఎవరికి బాగా లేదంటే అక్కడికి. "జర కూసో అక్కా" అని పక్కింటి ఖాలా ఎన్నోసార్లు పీట వేసేది. "కూసున్న కాలుకు తిమ్మిరే దక్కుతది చెల్లె" అని నవ్వి, పీటను కాలితో పక్కకు జరిపి, నిలబడే మాట్లాడి వచ్చేది. ఆ ముస్లిం కుటుంబమూ మా కుటుంబమూ ఒకే గోడకు అటూ ఇటూ తరాల నుంచి ఉన్నవాళ్లం.

అటువంటి మనిషి ఒక వానాకాలం నాకోసం కాఫీ నేర్చుకుంది. ఆమె గురించి నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా అదే.

నాది కాజీపేట. నాన్న రైల్వేలో పనిచేసేవాడు. క్వార్టర్లలో మా పక్కనే ఒక తమిళ కుటుంబం ఉండేది. వాళ్ల దగ్గర అమ్మ ఫిల్టరు కాఫీ నేర్చుకుంది. అమ్మ నుంచి ఇంటిల్లిపాదికీ అలవాటైంది. పెళ్లయి మంచిర్యాల, చెన్నూరు దాటి, ప్రాణహితను పడవలో దాటి సిరొంచ వచ్చేటప్పుడు నా పెట్టెలో అమ్మ ఒక కాఫీపొడి డబ్బా పెట్టింది. ఫిల్టరు మాత్రం అక్కడే దొరుకుతుందిలే అనుకుంది. వచ్చి చూస్తే ఆ ఇంట్లో టీ, పక్కింట్లో టీ, బజారులో టీ. పొద్దున్నే పెద్ద గిన్నెలో ఆకు మరిగిపోతూ ఉండేది. కొత్త కోడలిని. నాకు వేరే తాగడానికి కావాలని ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? మా అత్తమ్మ ఒక్కచోట నిలబడే మనిషి కూడా కాదు, అడగడానికి. డబ్బాను మూత తీయకుండానే పెట్టె అడుగున ఉంచాను. రోజూ పొద్దున లేస్తూనే మొదలయ్యే తలనొప్పి మధ్యాహ్నానికి గానీ తగ్గేది కాదు. ఆమె ఒకటి రెండుసార్లు శొంఠి గంధం తీసి నా నుదుటికి పట్టించి, తన దారిన తాను వెళ్లిపోయింది.

మా ఆయన అప్పుడు జిమల్‌గట్ట దగ్గర ఆశ్రమశాలలో మాస్టారు. అడవి పల్లెల గోండు పిల్లలు అక్కడే ఉండి చదువుకునేవారు. సోమవారం వెళ్లి శనివారం ఇంటికొచ్చేవాడు. ఆ వారం వాన సోమవారం మొదలై మరి తెరిపి ఇవ్వలేదు. శనివారం అతను రాలేదు. వాగు పొంగి ఉంటుందిలే అనుకున్నాం. మరునాడు బజారు నుంచి ఒక మాట వచ్చింది. జిమల్‌గట్టకు ఇవతల ఒక వాగులో ఎడ్లబండి కొట్టుకుపోయిందట. ఆశ్రమశాలకు సరుకులు దింపి తిరిగి వస్తున్న బండి. బండాయన మా వీధి చివర, ఏటి ఒడ్డున ఉండే మనిషే. బండిలో అతనొక్కడే ఉన్నాడని కొందరు, లేదు గురూజీ కూడా ఎక్కాడని కొందరు. చూసినవాళ్లు ఎవరో ఎవరికీ తెలియదు.

బస్సులు నడవడం లేదు. ఫోను తీగలు తెగిపోయాయి. ఇటు ప్రాణహిత ఒడ్డులు దాటి పారుతుంటే పడవలు కూడా కట్టేశారు. ఊరు నాలుగు వైపులా మూసుకుపోయింది.

మా అత్తమ్మ బస్టాండుకు పోయేది. అక్కడి నుంచి తహసీలు ఆఫీసుకు. అక్కడి నుంచి ఏటి ఒడ్డుకు. తడిసి వచ్చి, చీర మార్చుకుని, మళ్లీ వెళ్లేది. ఇంట్లో ఉంటే ఊడ్చిన చోటునే ఊడ్చేది. నేను కిటికీ దగ్గరికీ గుమ్మం దగ్గరికీ తిరిగేదాన్ని. ఒకరినొకరం తప్పించుకుంటూ, ఒకరి మొహం ఒకరం చూడకుండా, ఇద్దరం ఆ చిన్న ఇంట్లో తిరుగుతూనే ఉండేవాళ్లం.

అలా తిరుగుతూ ఒక పొద్దున ఆమె నా ముందు ఆగింది. నేను రెండు చేతులతో తల పట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాను.

"ఏంది పిల్లా, రోజు గిట్లనే పట్టుకుంటవ్. కండ్లు మంచిగ లేవా?"

అప్పుడిక దాచడానికి నాలో ఓపిక లేదు. "కండ్లు కాదు అత్తమ్మా. మా ఇంట్ల పొద్దున కాఫీ తాగేటోళ్లం. అది లేకుంటే నొస్తది."

ఆమె నన్ను అలాగే చూసింది. "ఇన్ని నెలల సంది నోట్లనే పెట్టుకొని తిరుగుతున్నవా? పొడి దొరుకుతదా ఈడ?"

"నా పెట్టెల ఉన్నది."

"తే."

డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. "కాల్చిన చింతగింజల వాసనొస్తున్నది" అంది. డబ్బా పట్టుకుని పొయ్యి ముందుకు నడిచింది. మొదటిసారి టీ కాచినట్టే కాచింది. నీళ్లలో పొడి వేసి, తెర్లించి, పాలు పోసి, టీ జాలితో వడకట్టింది. నేను ఒక గుక్క తాగాను. నాలుకంతా ఇసుక. చేదు గొంతులో పట్టుకుంది. బాగుందని చెప్పాను. ఆమె నా చేతిలోని గ్లాసు తీసుకుని తను ఒక గుక్క తాగి, బయటికి పోయి ఉమ్మి వచ్చింది.

"అబద్ధమాడకు. అబద్ధమాడితే నేను నేర్చుకునుడు ఎట్ల?"

ఫిల్టరు అనేది ఒకటుంటుందని అప్పుడు చెప్పాను. కింద ఒక గిన్నె, దాని మీద కూర్చునే చిల్లుల గిన్నె, పొడిని అదిమి ఉంచే గొడుగులాంటి బిళ్ల. చెబుతుండగానే ఆమె లేచి పాత మల్లుపంచె ఒకటి తెచ్చింది. మామయ్యదట. దాన్ని చింపి, వేడినీళ్లలో ఉడికించి, గంజి వాసన పోయేదాకా పిండి, వంచిన తీగకు సంచిలా కుట్టింది. ఆ రోజు కాఫీలో ఇసుక లేదు. రుచి కూడా పరవాలేదు. నా తలనొప్పి కొంత తగ్గింది. కానీ ఆ సంచిని పొయ్యి పక్కన తగిలిస్తే, మరునాటి కాఫీలో పోపు వాసన, ఆ మరునాడు పొగ వాసన. సబ్బుతో ఉతికితే సబ్బు వాసన. "గుడ్డ మంచిదే గాని అన్నీ తనల పెట్టుకుంటది, నీ లెక్క" అంది. ఆ రోజుల్లో నేను నవ్వినట్టు గుర్తున్నది ఆ ఒక్కసారే.

గోడకు అవతల నుంచి ఇదంతా వింటున్న ఖాలా ఆ మధ్యాహ్నం ఒక వస్తువు పట్టుకొచ్చింది. పొడుగాటి అల్యూమినియం పాత్ర, లోపల నిలువుగా ఒక గొట్టం, గొట్టం మీద చిల్లుల బుట్ట. ఆమె మామగారు ఎప్పుడో సర్కారు బంగ్లాలో వంట చేసేవాడట. దొరలు వదిలేసిపోతే ఆయన తెచ్చుకున్నాడట.

"అటక మీద పడున్నది అక్కా. దీంట్ల కాఫీ కాసేటోళ్లట. ఎట్ల వాడాల్నో మాకు ఎరుక లేదు. కోడలు పరేషాన్ల ఉన్నది గదా, జర చూడుండ్రి."

ముగ్గురం పొయ్యి చుట్టూ చేరాం. నీళ్లు మరిగి గొట్టంలో పైకెక్కి బుట్టలోని పొడి మీద పడాలి, మళ్లీ కిందికి దిగాలి, మళ్లీ ఎక్కాలి. మూత మీద ఉండాల్సిన గాజుబుడిపె లేదు. ఆ చిల్లు మీద ఒక చిన్న గిన్నె బోర్లించాం. లోపల నీళ్లు గుడగుడమంటూ ఎక్కుతుంటే ఆ గిన్నె టకటకా ఎగురుతూ ఉంది. మా అత్తమ్మ దాన్ని వింతగా చూస్తూ, తనకే తెలియకుండా, పీట మీద కూర్చుంది. ఖాలా నా వైపు చూసి కళ్లతోనే ఆ పీటను చూపించింది.

అంతలో వీధిలో ఎవరో పిలిచారు. ఆ వాగుకు ఇవతల పల్లె నుంచి ఒక మనిషి నడిచి వచ్చాడట. ఆమె లేచిన వేగానికి పీట దొర్లింది. నేనూ వెనకే పరుగెత్తాను. అతను బజారులో ఒక అరుగు మీద తడి కంబళి కప్పుకుని ఉన్నాడు. కాడితో సహా ఒక ఎద్దు కొట్టుకొచ్చి చెట్టు మొదలుకు తట్టుకుని ఉండగా చూశానన్నాడు. మనుషులను చూడలేదన్నాడు. ఆమె ఆ మాటనే మళ్లీ మళ్లీ అడిగింది. మనుషులను చూడలేదు. అంటే మంచికో చెడుకో తెలియదు.

ఇంటికొచ్చేసరికి పాత్రలో నీళ్లు ఇగిరి పొడి మాడిపోయింది. కట్టెల మంట తగ్గమంటే తగ్గదు. పైగా మా పొడి సన్నటిది, బుట్ట చిల్లుల్లోంచి జారి అడుగంటింది. ఖాలా నొచ్చుకుంది. మా అత్తమ్మ ఆ పాత్రను బూడిదతో తెల్లగా తోమి ఆమె చేతికిస్తూ, "దీనికి బొగ్గుల పొయ్యి గావాలె, బరక పొడి గావాలె. మంచి వస్తువే చెల్లె, మా ఇంటిది కాదు" అంది.

ఆ ఎద్దు మాట విన్నాక నాకు ఇక చాలనిపించింది. "ఇప్పుడు కాఫీ ఎందుకు అత్తమ్మా. ఆయన రానియ్యుండ్రి" అన్నాను.

ఆమె తలుపు పట్టుకుని నిలబడి ఉంది. "వాడు వచ్చేదాక నీ తలకాయ నొస్తనే ఉండాల్నా?" అంది. గొంతు తగ్గించి, "నాకు గూడ ఒక పని గావాలె బిడ్డా. లేకుంటే ఈ గోడలు నన్ను తింటయి" అంది.

అప్పటిదాకా నన్ను పిల్లా అనే పిలిచేది. బిడ్డా అనడం అదే మొదలు.

మరునాడు నన్ను వెంటబెట్టుకుని బజారుకు వెళ్లింది. గిన్నెల దుకాణం నడిపే ముసలి సాబ్ మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. విషయం ఊరందరికీ తెలుసు. ఫిల్టరు కావాలంటే ఆయన లోపలికి పోయి చాలాసేపు వెతికి రెండు తెచ్చాడు. ఎవరో ఆఫీసరు చెప్పి తెప్పించుకుని, బదిలీ అయి తీసుకోకుండా వదిలేసి వెళ్లినవట. ఒకటి పెద్దది, ఇత్తడిది. చూడ్డానికి బంగారంలా మెరుస్తూ ఉంది. రెండోది చిన్నది, స్టీలుది, దుమ్ము పట్టి ఉంది.

"ఇత్తడిది తీసుకోమ్మా. పది మంది చుట్టాలొచ్చినా సరిపోతది" అన్నాడు సాబ్.

మా అత్తమ్మ దాన్ని చేతిలో తిప్పి, లోపల వేలితో రాసి చూసింది. "లోపట కళాయి సరింగ లేదు. పాలు, పులుపు తగిలే గిన్నెకే నేను కళాయి చూస్త. తాగేదానికి చూడనా?" అంది. తర్వాత రెండూ నా ముందు పెట్టింది. "నువ్వు చెప్పు. నీకు ఎరుకైనంత నాకు ఎరుక లేదు."

అమ్మ చేస్తుండగా చూసిందంతా గుర్తు చేసుకున్నాను. చిల్లుల గిన్నెలను గుమ్మంలోకి తెచ్చి వెలుతురుకు పట్టాను. స్టీలుదాని చిల్లులు సన్నగా, ఒక్క తీరుగా ఉన్నాయి. పై గిన్నె కింది గిన్నెలో వదులు లేకుండా కూర్చుంది. బిళ్ల తేలిగ్గా దిగింది. "పెద్దదాంట్ల కొంచెం పొడి వేస్తే నీళ్లు ఆగవు అత్తమ్మా, పలుచగ దిగిపోతది. ఎంతమంది తాగుతరో దానికి తగ్గదే ఉండాలె" అన్నాను.

"మరి ఎంతమందికమ్మా?" అన్నాడు సాబ్.

దుకాణంలో అలవాటుగా వచ్చిన మాట అది. అనేశాక ఆయన మొహం వాడిపోయింది. చేతిలోని గుడ్డతో తుడిచిన గిన్నెనే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

"ముగ్గురికి" అంది మా అత్తమ్మ.

సాబ్ తల ఊపాడు. "ఈ స్టీలుది ముగ్గురికి బరాబర్ సరిపోతది" అన్నాడు.

దారిలో ఆమె మామూలు కంటే వేగంగా నడిచింది. నేను వెనకబడి, ఆమె వీపు చూస్తూ నడిచాను. ఆమెకు భయం లేదని కాదు. చీర చెంగును పిడికిట్లో ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఇంటికి వచ్చి వదిలాక కూడా ఆ మడతలు పోలేదు.

ఆ ఫిల్టరుతో మా అత్తమ్మకు పెద్ద చిక్కు వచ్చింది. అది నిదానం మనుషుల వస్తువు. పొడి వేసి, బిళ్లతో మెల్లగా అదిమి, తెర్లి కాస్త నెమ్మదించిన నీళ్లు పోసి, మూతపెట్టి ఊరుకోవాలి. ఆమె ఊరుకోలేదు. మూత తీసి చూసేది. గిన్నెను తట్టేది. పైకెత్తి కింద ఎంత దిగిందో చూసేది. "ముట్టకుండ్రి అత్తమ్మా" అని నేను అంటే, "ఇంతసేపు దేనికి? పెండ్లికి తయారైతున్నదా?" అని వాకిట్లోకి వెళ్లి, రోడ్డు చూసి వచ్చేది. మళ్లీ మూత. రోడ్డుకూ ఫిల్టరుకూ మధ్య ఆమె ఎన్ని తిరుగుళ్లు తిరిగిందో. కానీ డికాషన్ దిగింది. నల్లగా, చిక్కగా దిగింది. పాలు కలిపి, చక్కెర వేసి, నాకు గ్లాసు ఇచ్చి ఎదురుగా నిలబడింది.

"ఇప్పుడు అబద్ధం చెప్పకు."

"మా అమ్మ చేసినట్టే ఉన్నది" అన్నాను. అది నిజం. చెప్పగానే ఏడుపు వచ్చింది. ఆమె నా తల మీద చేయి వేసి, తీసి, పొయ్యిలో కట్టె ఎగదోసింది. తను ఒక గుక్క తాగి, మందులా ఉందని గ్లాసు పక్కన పెట్టింది. ఆమెకు కాఫీ చివరిదాకా నచ్చనే లేదు. అయినా రోజూ ముగ్గురికి సరిపడానే పొడి వేయించేది. తగ్గించనిచ్చేది కాదు. మూడో గ్లాసు గోడ మీదుగా ఖాలాకు అందేది. ఖాలా ఏమీ అడగకుండా తాగేది.

వాన కాస్త సన్నగిల్లిన ఒక మధ్యాహ్నం మా ఆయన వచ్చాడు. మోకాళ్ల దాకా బురద, గడ్డం పెరిగి, వెంట ఇద్దరు గోండు మనుషులు. వాగు పైభాగంలో అడవి దారిన అతన్ని దాటించి తెచ్చింది వాళ్లే. నేను వాకిట్లో నిలబడిపోయాను. మా అత్తమ్మ దగ్గరికి పోయి, అతని రెండు చెంపలూ పట్టుకుని, భుజాలు తడిమి, చేతులు తడిమి, ఆ తర్వాత గడప మీద కూలబడింది.

అతను చెప్పాడు. బండాయన, తనూ కలిసి రావాలనుకున్నారు. బయలుదేరే ముందు ఒక పిల్లకు జ్వరం ఎక్కువైతే తను ఆగిపోయాడు. బండాయన, వాగు ఇంకా పెరగకముందే దాటుతానని వెళ్లాడు. మర్నాడు కబురు తెలిసి, తనూ పల్లె వాళ్లూ కలిసి ఒడ్డు వెంట వెతుకుతూ పోయారు. నిన్ననే దొరికాడు. పల్లె వాళ్లు శవం దగ్గర కాపలా ఉన్నారు.

గడప మీది నుంచి మా అత్తమ్మ లేచింది. "వాని ఇంటోళ్లకు ఎవరన్న చెప్పిన్రా?"

"ఇంకా లేదమ్మా. నేనే పోయి చెప్పాలె."

"నువ్వు పోకు. నిన్ను చూస్తే ఆమె ఎట్ల తట్టుకుంటది? నేను పోత." చెప్పులు వేసుకుంటూ నా వైపు చూసి, "రా బిడ్డా" అంది. కొడుకు ఇంకా గుమ్మం కూడా దాటలేదు. కాళ్లు కడుక్కోలేదు.

ఏటి ఒడ్డు ఇంట్లో బండాయన భార్య చూరు కింద పిడకలు సర్దుతూ ఉంది. మమ్మల్ని చూడగానే చేతిలోని పిడక కింద పెట్టింది. మా అత్తమ్మ ఆమె దగ్గరగా వెళ్లి చేయి పట్టుకుంది.

"చెల్లె, నా కొడుకు వచ్చిండు. నీ మనిషి రాలేడు."

నేను ఆ మాటలను ఎన్నోసార్లు తలుచుకున్నాను. చుట్టూ తిప్పలేదు. తన సంతోషాన్ని దాచి, ఆమె తర్వాత ఎవరి నోటో వినేలా చేయలేదు. ఆమె కూలిపోతుంటే పట్టుకుని, తనతోపాటు నేల మీద కూర్చోబెట్టుకుంది. వీధి వాళ్లు వచ్చారు. మగవాళ్లు జిమల్‌గట్ట వైపు బయలుదేరారు. నేను రెండుసార్లు ఇంటికి వెళ్లి వచ్చాను. మా అత్తమ్మ కదల్లేదు. ఆమె తలను తన ఒళ్లో పెట్టుకుని, దీపాలు పెట్టే వేళ దాకా ఆ తడి నేల మీద అలాగే కూర్చుంది. అంతసేపు ఆమె ఒకచోట కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు.

ఇంటికొచ్చాక మా ఆయనకు కాఫీ కలిపి ఇచ్చాను. మూడో గ్లాసు అతని చేతిలో పెట్టడానికి నేను ఎన్ని రోజుల నుంచి ఎదురుచూశానో. అతను ఒక గుక్క తాగి, గ్లాసులోకి చూసి, మొహమాటంగా, "టీ లేదా?" అన్నాడు. మా అత్తమ్మ నవ్వింది. నవ్వుతూనే గోడ వైపు తిరిగింది. ఆ రోజంతా ఎక్కడ దాచుకుందో ఆ ఏడుపంతా అప్పుడు వచ్చింది. మేమిద్దరం చెరోపక్క నిలబడ్డాం. కళ్లు తుడుచుకుని, "మన ఇంట్ల పొయ్యి మండుతున్నదని, ఆడ ఆరిపోయిన పొయ్యిని మరువద్దు" అంది.

మరువలేదు. దినాలు అయ్యేదాకా అన్నం మా ఇంటి నుంచే వెళ్లింది. ఆ తర్వాత బండాయన భార్య మా పొలంలో నాట్లకు, కోతలకు మా అత్తమ్మకు తోడైంది. కాఫీ ఆమెకు బాగా నచ్చింది. మా ఇంట్లో నా తర్వాత ఇష్టంగా తాగింది ఆమే. పొద్దున్నే వచ్చేది. మేమిద్దరం కాఫీ తాగుతుంటే మా అత్తమ్మ తన టీ గ్లాసుతో చుట్టూ తిరుగుతూ ఏదో చెబుతూ ఉండేది.

మా ఆయనకు చామోర్షి బదిలీ అయినప్పుడు ఫిల్టరు నా పెట్టెలో తనే సర్దింది. ఆమె మాత్రం ఒక ఊళ్లో ఉండే మనిషి కాదు. పొద్దున సిరొంచలో బస్సెక్కి, చెప్పాపెట్టకుండా మా గుమ్మంలో దిగేది. రెండో రోజుకే, పొలంలో నీళ్లు ఎట్లున్నాయో అంటూ సంచి భుజానికి వేసుకునేది. గడ్చిరోలిలో ఆడబిడ్డ ఇంటికీ అంతే. అలా వచ్చిన ఒకసారి నన్ను చామోర్షి బజారుకు లాక్కెళ్లింది. బండాయన భార్యకు ఫిల్టరు కొనాలట.

"ఒక్కరికి సరిపోయేది చూడనా?" అన్నాను.

"వద్దు. ఇద్దరిది తీసుకో. ఒక్కతే కూసుండి తాగొద్దు. ఎవరన్న వస్తరని పెట్టుకోవాలె." చిల్లులను వెలుతురుకు పట్టి తనే చూసింది. కళాయి అక్కరలేనిదే ఎంచింది. "నేర్చుకునేటోళ్లకు మెరిసేది వద్దు బిడ్డా. తోముకునేది, సొట్టపడితే బాధ అనిపియ్యనిది గావాలె" అని ఆ దుకాణదారుకు కూడా చెప్పింది. ఇప్పుడు ఎవరైనా కొత్తగా కాఫీ మొదలుపెడతామని నన్ను అడిగితే నేను చెప్పేవి ఆ మాటలే. మీ పొయ్యి ఏది, మీ పొడి ఏది, తాగేది ఎందరు, ముందు అవి చూసుకోమంటాను. ఆ మాటలు ఎవరివని అడిగితే మా అత్తమ్మవని చెబుతాను.

ఆ రాత్రి అహేరి బస్టాండులోనే గడిపాక, మరునాడు వాగులు తగ్గి బస్సు కదిలింది. మేం సిరొంచ చేరేసరికి వాకిలి నిండా జనం. మా కోసమే ఆపి ఉంచారు. ఆమెను పడుకోబెట్టిన తీరు చూసి నాకు తోచింది ఒక్కటే. ఇంతసేపు ఎట్లా ఉంది ఇలా, కదలకుండా? బండాయన భార్య నా చేయి పట్టుకుని చెప్పింది. పొద్దున మామూలుగానే లేచిందట. వాకిలి ఊడ్చి, స్నానం చేసి, చీర ఉతికిందట. పొలానికి పోదాం రమ్మని పిలవడానికి తన ఇంటికి వచ్చి, గుమ్మంలోనే ఒరిగిపోయిందట. "నిలబడే పోయింది అక్క" అంది.

ప్రాణహిత ఒడ్డున కార్యం ముగిసింది. మగవాళ్లు తిరిగొచ్చి స్నానాలు చేస్తున్నారు. ఇంట్లో ఉండలేక నేను పెరట్లోకి నడిచాను. ఖాలా గోడకు అవతల నిలబడి ఉంది. వెనక చూరు కింద కట్టిన తాడు మీద ఒక చీర వేలాడుతూ ఉంది. ఆకుపచ్చది, సన్నంచుది. చివరి రోజు పొద్దున ఆమె ఉతికి ఆరేసుకున్నది. ఎవరూ తీయలేదు. రెండు కొసలూ సమానంగా లాగి, గాలికి పడిపోకుండా ఒక మూల ముడివేసి ఉంది. అంచు పట్టుకున్నాను. ఆ ముసురులో, చూరు జల్లుకు, అది ఇంకా ఆరలేదు. ఆమె పిండిన మెలికలు గుడ్డలో అలాగే ఉన్నాయి. కింది కొస నుంచి ఒక్కో చుక్క నేల మీద పడుతూ ఉంది.